నాలుగు రెట్ల నమ్మకం

ఊళ్లో అంబులెన్సులు సకాలంలో వస్తున్నాయన్న శుభవార్తను శాస్త్రీయంగా రుజువు చేయాలని ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు సంకల్పించారు. వార్త ముందే సిద్ధంగా ఉంది, శాస్త్రమే తక్కువైంది. ఆ లోటు పూడ్చే బాధ్యత గణాంకాల గుమస్తా నెత్తిన పడింది.

రోగి ఎదురుచూసే సమయం సగటున ఇరవై అయిదు నిమిషాలు దాటదని తేలితే, ఉన్న రెండు అంబులెన్సుల్లో ఒకటి దండగే. దాన్ని డైరెక్టరుగారి పర్యటనలకు వినియోగిస్తారు. గుమస్తాకిది మింగుడుపడలేదు. అతని ఇల్లు ఊరి చివర, ఇంట్లో ఉబ్బసంతో తల్లి.

నలభై మంది రోగులను అడిగి లెక్క కట్టాడు. సగటు ఇరవై నిమిషాలు. అడిగింది నలభై మందినే కాబట్టి ఎనిమిది నిమిషాలు అటూ ఇటూ కావచ్చనీ, ఊరందరి అసలు సగటు పన్నెండుకీ ఇరవై ఎనిమిదికీ మధ్య ఉంటుందనీ తొంభై అయిదు శాతం నమ్మకంతో రాశాడు.

"ఇరవై ఎనిమిదా!" డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. "ఆ ఎనిమిదిని నాలుగు చెయ్యవయ్యా."

"సగానికి తగ్గాలంటే నాలుగు రెట్ల మంది కావాలండీ. నూట అరవై."

"ఇంతేనా? దానికింత మొహం వేలాడేసుకోవాలా?" అంటూ ఆయన ఆ నలభై కాగితాలనే జిరాక్సుకు పంపించారు.

నూట అరవై కాగితాలూ ఎంతో ఐకమత్యంతో మాట్లాడాయి. ఎనిమిది నాలుగైంది, సగటు ఇరవై నాలుగు లోపే కుదురుకుంది. ఇంకొన్ని కాపీలు తీస్తే అనుమానమన్నదే మిగలదని లెక్కను పరిశీలించడానికి వేసిన సమీక్షా సంఘం ముచ్చటపడింది కానీ, మిషన్‌లో ఇంకు అయిపోయింది. సంపూర్ణ సత్యం కొద్దిలో తప్పిపోయింది.

గుమస్తా అడ్డు చెప్పబోయాడు. ఆ నెలలోనే తన ఉద్యోగం పర్మనెంటు కావాలని గుర్తొచ్చి, తెరిచిన నోటితో "చిత్తమండీ" అన్నాడు. సంతకమూ పెట్టాడు. రెండో అంబులెన్సు డైరెక్టరుగారి పర్యటనలకు వెళ్లిపోయింది.

ఒక ఆదివారం తల్లికి ఊపిరాడలేదు. ఫోను చేసి గంట దాటినా బండి జాడ లేదు. గుమ్మం ముందు వీధంతా పోగైంది.

"ఇరవై నాలుగు నిమిషాల్లో వస్తుందని పేపర్లో వేశారుగా!" అన్నాడు పక్కింటాయన. "మా నాన్నకి మాత్రం గంటన్నర పట్టింది. మా రాత."

"మా అత్తయ్యకీ అంతే. మాకెప్పుడు కలిసొచ్చింది కనక!" అంది ఎదురింటావిడ.

అక్కడున్న ప్రతివాళ్లకీ ఇలాంటి దురదృష్టం ఒకటుంది. లెక్క తప్పేమోనని మాత్రం ఎవరికీ తోచలేదు. ప్రభుత్వం అచ్చు వేయించిన సగటు ముందు సొంత అనుభవం ఏపాటిది!

గుమస్తా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తల్లి అతని చెయ్యి పట్టుకుని, అందని ఊపిరితోనే ఓదార్చింది.

"మన ఖర్మకి నువ్వేం చేస్తావురా, నాన్నా?"