హుర్రే రిజిస్టరు

మానవజాతి తన సంతోషాన్నీ దుఃఖాన్నీ ఇన్ని వేల ఏళ్లుగా ఎలాంటి రాతపూర్వకమైన ఆధారమూ లేకుండా అనుభవిస్తూ వచ్చింది. ఈ అవకతవకను 1998 జులైలో ఒక సర్క్యులర్ సరిదిద్దింది.

ఆరో తరగతి ఇంగ్లీషు వ్యాకరణంలో ఇంటర్జెక్షన్లని ఒక పాఠముంది. సంతోషం కలిగితే హుర్రే అనాలి. దుఃఖం కలిగితే అలాస్ అనాలి. ఆశ్చర్యమైతే ఓహ్. అన్న తర్వాత పక్కన నిలువు గీత గీసి, కింద చుక్క పెట్టాలి. మొత్తం అరపేజీ. పిల్లలు దీన్ని బట్టీపట్టి వదిలేస్తున్నారే తప్ప నిజంగా సంతోషించి హుర్రే అంటున్నారా లేదా అని పై ఆఫీసులో ఎవరికో బెంగ పట్టుకుంది. అందుకని ప్రతి బడిలో ఒక రిజిస్టరు తెరవమన్నారు. తేదీ, పేరు, కలిగిన భావం, పలికిన మాట, సాక్షి సంతకం. నెలకు తరగతికి నలభై సంతోషాలు, పదిహేను ఆశ్చర్యాలు, పది దుఃఖాలు. దుఃఖం పది దాటితే సంజాయిషీ రాసుకోవాలి. (సంతోషం నలభై దాటితే ఏం చేయాలో చెప్పలేదు. అంతటి ప్రమాదాన్ని ఎవరూ ఊహించినట్టు లేదు.)

ఐరాలకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక ఊరి బడిలో ఈ భారం ఇంగ్లీషు అయ్యవారు సంపత్కుమార్ నెత్తిన పడింది. అతనిది తిరుపతి. భార్య రంగనాయకి, రెండేళ్ల కూతురు నారాయణి అక్కడే ఉంటే, ఇతను ఐరాలలో గది తీసుకుని, శనివారం సాయంత్రం పూతలపట్టులో బస్సు మారి ఇంటికి చేరేవాడు. కూతురు అతన్ని 'శనివారం మామ' అని పిలిచేది. రిజిస్టరు మొదటి గ్రేడు తెచ్చుకుంటే ఆ అయ్యవారికి కోరుకున్న చోటికి బదిలీ అని సర్క్యులర్ చివర్లో ఉంది. సంపత్కుమార్ ఏ సర్క్యులర్ అయినా చివరి నుంచే చదువుతాడు.

మొదట్లో నిజాయితీగానే ప్రయత్నించాడు. పెన్ను మూత తీసి పట్టుకుని, రెండు రోజులు తరగతిలో సంతోషం కోసం కాచుకు కూర్చున్నాడు. ఒక్కరూ హుర్రే అనలేదు. ఇంటిగంట కొట్టగానే అందరూ కేకలు పెట్టుకుంటూ పరిగెత్తారు గానీ, ఆ కేకలు నిబంధనల్లో లేవు. మూడో రోజు అతని నుదురే వాకిలి ద్వారబంధానికి ఠంగున తగిలింది. ఎమ్మే ఇంగ్లీషు చదివిన ఆ నోట్లోంచి 'అబ్బా' అని వచ్చింది. ముప్పై ఎనిమిది మంది సాక్షులు. ఆ రోజు అతనికి తన చదువు మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది.

అప్పటి నుంచి శుక్రవారం మధ్యాహ్నం పిల్లలకు చూచిరాత ఇచ్చి, తను స్టాఫ్ రూములో కూర్చుని వాళ్ల భావాలు రాయసాగాడు. ఈ పనిలో తనకింత ప్రజ్ఞ ఉందని అతనికే తెలియదు. అన్నీ ఒకే పూట కలిగినట్టు కనబడకుండా మూడు పెన్నులు మార్చేవాడు. సంతోషాలు ధారాళంగా పంచి, దుఃఖాలు మాత్రం ఆచితూచి ఇచ్చేవాడు. నరేంద్రకు ఈ నెల రెండు దుఃఖాలు అయిపోయాయి, ఇక చాలు అనుకునేవాడు. తనని తాను బ్రహ్మదేవుడి గుమాస్తాగా ఊహించుకుని మురిసిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

నవంబరులో జీపు వచ్చింది. అందులోంచి మునిరామయ్యగారు దిగారు. మూడు మండలాల భావప్రకటన పర్యవేక్షకులు. కొబ్బరి ఎళనీరు తాగి, రిజిస్టరు తిరగేసి, ఇంత సంతోషంగా ఉన్న బడిని తన సర్వీసులో చూడలేదన్నారు. ఒక్క పద్దు మాత్రం రూలు ప్రకారం సరిచూడాలన్నారు. కళ్లు మూసుకుని వేలు పెట్టారు. సెప్టెంబరు పద్దెనిమిది, శుక్రవారం. నందిని. సంతోషం. హుర్రే.

నందినిని పిలిపించి, ఆ రోజు అంత సంతోషం దేనికి కలిగిందమ్మా అని అడిగారు. ఆయన వెనక నిలబడి సంపత్కుమార్ ఎలా నవ్వాలో నవ్వి చూపించాడు. ఆ పిల్ల నవ్వలేదు.

"ఆ పొద్దు మా జెర్సీ ఆవు సచ్చిపోయింది సార్," అంది. "పాలిచ్చేది అదొగటే ఉన్నింది మాకు. పాలు పోసే కార్డు నేనే రాస్తా. పద్దెనిమిదో తేదీ కాడ్నించి కాళీ. చెప్దామని మద్దేన్నం సార్ కాడికి వచ్చినా. సార్ ఈ బుక్కులోనే ఏందో రాసుకుంటా ఉన్నాడు. గమ్మున పోయి కూసో అన్నాడు."

సంపత్కుమార్‌కు గుర్తొచ్చింది. తడి మొహంతో గుమ్మంలో నిలబడింది. తలెత్తకుండానే పొమ్మన్నాడు. అప్పుడు రాస్తున్నది ఆమె పేరేనేమో కూడా. ఆ పిల్లతో ఏదో ఒకటి అనాలనుకున్నాడు. ఇంగ్లీషులోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు. చివరికి పర్యవేక్షకుల వైపు తిరిగి, తప్పు తనదేనని, అది కొట్టేసి దుఃఖమని రాస్తానని పెన్ను తీశాడు.

మునిరామయ్యగారు లెక్క చూశారు.

"ఉండనీప్పా," అన్నారు నెమ్మదిగా. "సెప్టెంబరు దుఃఖాలు పదీ ఐపోయినాయి. పదకొండోది రాస్తే నువ్వూ సంజాయిషీ రాయల్ల, నేనూ రాయల్ల. గ్రేడూ పోతాది. ఆవు ఎట్టాగూ తిరిగి రాదు గదా."

సంపత్కుమార్ పెన్నుకు మూత పెట్టేశాడు. నందినిని వెళ్లి కూర్చోమన్నాడు, ఈసారి మర్యాదగా.

జనవరిలో తిరుపతికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నందిని బడి మానేసి, వాళ్లమ్మతో కలిసి బెల్లం గానుగ దగ్గర పనికి పోతోంది. ఉత్తర్వుతో పాటు ఒక ప్రశంసాపత్రం కూడా జత చేశారు. విద్యార్థుల మనసులోని మాట ఓపిగ్గా విన్నందుకు.