తాజా గాలికి జారిన శ్రుతి

ఆ జనవరి ఉదయానికి గిస్బెర్ట్ హోల్ట్‌కాంప్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఆయన పథకాలలో లోపాలుండవు. లోపాలన్నీ ప్రపంచంలో ఉంటాయి. పొద్దున్నే బెర్లిన్ క్రాయిట్స్‌బెర్గ్‌లో, పెరటి భవనం నాలుగో అంతస్తులో ఉన్న తన వర్క్‌షాపు తెరవాలి. తాను తయారుచేసిన కొత్త సింథసైజర్‌ను, అంటే కరెంటుతో స్వరాలు పలికే వాయిద్యాన్ని, ఆన్ చేసి, అది వేడెక్కేలోగా కాఫీ తాగాలి. తరవాత శ్రుతి చెయ్యాలి. పదకొండింటికి జపాన్ నుంచి ఒరికాసా అనే ఇంజనీరమ్మ వస్తుంది, వింటుంది, నివ్వెరపోతుంది, ఒప్పందం మీద సంతకం పెడుతుంది. మధ్యాహ్నం వీధి చివర కొట్లో బఠాణీల సూప్, అందులో ఒక సాసేజ్.

సంతకం సంగతి మాత్రం నవ్వులాట కాదు. హోల్ట్‌కాంప్ యంత్రాలను కొనేవాళ్ళంతా కలిసి వచ్చినా ఒక ట్రామ్‌పెట్టె నిండదు. వర్క్‌షాపు వ్యవహారాలు చూసే భార్య ఇర్మెలా క్రిస్మస్ సెలవుల్లోనే తేల్చి చెప్పేసింది. జపాన్‌వాళ్ళు ఈ యంత్రాన్ని తీసుకుంటే సరి. లేదా ఫిబ్రవరి నుంచి వర్క్‌షాపుకు తాళం వేసి, స్పాండావ్‌లో ఆమె పినతండ్రి కొడుకు కంపెనీలో చేరాలి. ఇంటింటికీ తిరిగి గదుల్లో హీటర్లకు బిగించిన మీటర్లు చదవడం ఆ కంపెనీ పని. ధ్వని అంటే ఏమిటో ప్రపంచానికి నేర్పిన మనిషి, అంటే తన లెక్క ప్రకారం నేర్పిన మనిషి, పరాయివాళ్ళ పడగ్గదుల్లో మోకాళ్ళ మీద వంగి అంకెలు ఎక్కించుకోవడమన్నమాట. ఆ ఊహకే ఆయన మీసాలు వణికాయి.

సింథసైజర్ల తయారీలో జర్మన్ ఇంజనీర్లు ప్రపంచానికి పెద్దన్నలేనా, కాదా అన్నది మామూలు మనుషులకు ఒక ప్రశ్న. హోల్ట్‌కాంప్‌కు అది ప్రశ్న కాదు. అడిగినవాడి మీద జాలిపడడానికి ఒక అవకాశం. ఆయన చెప్పేదాన్నిబట్టి అమెరికావాళ్ళది ఒట్టి మోత, జపాన్‌వాళ్ళది ఒట్టి నకలు, ఇంగ్లీషువాళ్ళకు గోడకు మేకు కొట్టడం కూడా రాదు. జపాన్ యంత్రాలలో చలికీ వేడికీ శ్రుతి జారకుండా పప్పుబద్దంత భాగం ఒకటి పెడతారు. దానిని ఆయన ఊతకర్ర అనేవాడు. సొంత కాళ్ళ మీద నిలబడే సర్క్యూట్‌కు కర్ర దేనికని ఆయన వాదన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి కర్ర అవసరం గురించి చెప్పేదెవరు?

వర్క్‌షాపులోకి వస్తూనే ఆయన కిటికీ బార్లా తెరిచాడు. బయట మంచు పడుతోంది. అయినా రాత్రంతా మూసి ఉన్న గదిలోది నిన్నటి గాలి, నిన్నటి గాలి పీల్చేవాడు బెర్లిన్‌లో మనిషి కింద లెక్కకు రాడు. కిటికీ తెరవడాన్ని అక్కడ ఎవరూ ఒక పని అనుకోరు. తుమ్మినవాడు ఎన్నిసార్లు తుమ్మాడో రాసిపెట్టుకుంటాడా? వెలుతురు బాగా పడాలని యంత్రాన్ని సరిగ్గా ఆ కిటికీ కిందే పెట్టి, లోపలి పనితనం కనిపించాలని పైమూత కూడా తీసి ఉంచాడు. కాఫీ తాగాడు, కిటికీ మూశాడు, శ్రుతి చేశాడు. గది మెల్లగా వెచ్చబడింది. మళ్ళీ మీట నొక్కేసరికి శ్రుతి పైకెక్కి కూర్చుంది.

ఆయన మళ్ళీ సరిచేశాడు. ఇంతలో ఇర్మెలా అతిథి కోసం గసగసాల కేకు పట్టుకుని వచ్చింది. సోల్డరింగ్ పొగ వాసనకు ముక్కు చిట్లించి, కేకు బల్ల మీద పెట్టకముందే కిటికీ తీసింది. కాసేపటికి మీట నొక్కితే ఈసారి శ్రుతి పాతాళంలో ఉంది.

"కిందికి దిగిపోయింది," అన్నాడు హోల్ట్‌కాంప్, పాలిపోయిన మొహంతో.

"ఇందాక పైకి పోయిందన్నావుగా. ఇప్పుడు కిందికి దిగితే చెల్లుకు చెల్లు," అంది ఇర్మెలా.

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. సర్క్యూట్ తప్పు కాదు, ఎందుకంటే అది తాను వేసిన సర్క్యూట్. ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. ఈ మద్దెల కూడా తానే చేసింది కనక దానిని అనలేక కరెంటును అన్నాడు. కింది అంతస్తులో వెర్నికె అనే పళ్ళ డాక్టరమ్మ ఉంది. ఆవిడ డ్రిల్లు తిరిగినప్పుడల్లా భవనంలో కరెంటు పాడవుతోందని తీర్మానించి, మెట్లు దిగి ఆవిడ తలుపు కొట్టాడు. అరగంటసేపు డ్రిల్లు ఆపాలి, దేశ గౌరవం దాని మీద ఆధారపడి ఉందన్నాడు. డాక్టరమ్మ మాస్కు కూడా తియ్యలేదు.

"హోల్ట్‌కాంప్ గారూ, లోపల నా పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు. మీరు మీది మూసుకుంటే ముగ్గురం బాగుపడతాం."

అయినా ఆయన పోరు పడలేక కాసేపు ఆపింది. ఆయన మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఇర్మెలా చలికి కిటికీ మూసేసింది, ఆయనకేమో చెమట పట్టింది. చెమట పట్టిన మనిషి ఏం చేస్తాడు? కిటికీ తెరిచాడు. ఆ చలిలోనే శ్రుతి చేసి, కిటికీ మూసి, భార్య వైపు గర్వంగా చూశాడు. ఆమె కప్పులు కడిగి వచ్చేలోగా శ్రుతి మళ్ళీ పైకెక్కింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. అయితే ఈ తండ్రి వెతకడంతో ఆగలేదు, ఊరి మీద కేసు కూడా పెట్టాడు. మొత్తం భవనం వైరింగే దరిద్రంగా ఉందని, దానిని తాను నిరూపిస్తానని కేర్‌టేకర్ పోలెంట్స్‌ను పిలిపించాడు. మెయిన్ స్విచ్ కట్టేస్తే తన యంత్రాన్ని కారు బ్యాటరీల మీద నడిపి చూపిస్తానన్నాడు.

పోలెంట్స్ ముందుగా గదిలో గాలి బాగాలేదని కిటికీ తీశాడు. ఆ తరవాత, నోటీసు అంటించకుండా మెయిన్ స్విచ్ ముట్టుకోకూడదని నియమం చెప్పాడు. నియమమనేసరికి హోల్ట్‌కాంప్‌కు ఆయన మీద గౌరవం కలిగింది. ఇద్దరూ కాగితం ఎగరకుండా కిటికీ మూసి, కూర్చుని నోటీసు రాశారు, ఒక కామా దగ్గర కాస్త వాదించుకున్నారు, పోలెంట్స్ కిందికి వెళ్ళి దానిని వీధి తలుపుకు బయటివైపు అంటించాడు. లోపల ఉన్నవాళ్ళు దానిని చదవాలంటే బయటికి పోవాలి. కానీ నియమంలో ఉన్నది అంటించాలని, ఎవరైనా చదవాలని కాదు. తరవాత స్విచ్ కట్టేశాడు.

భవనం మొత్తం కరెంటు పోయింది. వర్క్‌షాపులో మాత్రం యంత్రం బ్యాటరీల మీద నడుస్తూ, కిటికీ మూసి ఉన్నంతసేపూ, గుడిగంటలా ఒకే శ్రుతిలో మోగింది. హోల్ట్‌కాంప్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చూశావా అన్నట్టు భార్య వైపు తల ఎగరేశాడు. అంతలో తలుపు తోసుకుని డాక్టరమ్మ వచ్చింది. వెనకే ఆవిడ పేషెంటు, మెడకు ప్లాస్టిక్ గుడ్డ, మత్తుకు సగం మొహం వేలాడుతూ. వెనకాలే పోలెంట్స్. దవడలో సగం పని చేసి వదిలేసిన పన్నుకు ఎవరు సమాధానం చెబుతారని ఆవిడ అడిగింది. ఇంతమంది ఒక గదిలో చేరితే ఊపిరి ఎలా ఆడుతుందని కూడా అడిగి, కిటికీ తీసింది. అందరూ వింటుండగానే శ్రుతి సర్రున జారిపోయింది. కరెంటు నిర్దోషిగా బయటపడింది.

హోల్ట్‌కాంప్ తరవాతి ముద్దాయి కోసం ఆలోచిస్తున్నాడు, తైవాన్ నుంచి వచ్చిన రెసిస్టర్లు దాదాపు ఖాయమయ్యాయి. అప్పుడు గోడ అవతల నుంచి ఎవరో తట్టిన చప్పుడు వినిపించింది. కోపంగా కాదు, చాలా మర్యాదగా.

"గిస్బెర్ట్," అంది ఇర్మెలా. "అది లిఫ్టులోంచి."

జపాన్‌వాళ్ళు చెప్పిన టైముకంటే ముందే వస్తారని ఆమెకు చెప్పింది ఆయనే. పోలెంట్స్‌కు అప్పుడు గుర్తొచ్చింది. నోటీసు వంకర సరిచేస్తుండగా ఉన్ని టోపీ పెట్టుకున్న ఒకావిడ వస్తే తానే తలుపు పట్టుకున్నాడట. కొత్త మనిషికి తలుపు పట్టడం మర్యాద, ఎక్కడికని అడగడం అమర్యాద అని సమర్థించుకున్నాడు. స్విచ్ వెయ్యమంటే దానికీ నియమం ఉంది. "కట్టెయ్యడానికి నాకు అధికారం ఉందండి. తిరిగి వెయ్యాలంటే ఎలక్ట్రీషియన్ దగ్గరుండాలి." ఎలక్ట్రీషియన్ ఊరికి ఆ చివర లిష్టెన్‌బెర్గ్‌లో ఉన్నాడు. ఇక లిఫ్టు మోటారు ఉండే పై గదిలో చేతి చక్రం తిప్పి లిఫ్టును పైకి లాగడమొక్కటే దారి. పోలెంట్స్, పేషెంటు కలిసి తిప్పారు. పాపం, ఆ పేషెంటు పంటికోసం వచ్చిన మనిషి, తిప్పుతూ ఏదో అన్నాడు, సగం నోటితో అన్నది ఎవరికీ అర్థం కాకపోవడమే మంచిదైంది.

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి ఒరికాసా గారు పద్ధతిగా నిలబడి ఉంది. వంగి నమస్కరించింది. మిఠాయి డబ్బా అందించింది. జర్మనీలోనే, కార్ల్స్‌రూహెలో చదువుకున్న మనిషి కావడంతో చక్కని జర్మన్ మాట్లాడుతుంది. "మీ లిఫ్టు ఆగినప్పుడు కుదుపే లేదు," అని మెచ్చుకుంది.

అంత జరిగాక మరొకరైతే క్షమాపణతో మొదలుపెట్టేవారు. హోల్ట్‌కాంప్ ఉపన్యాసంతో మొదలుపెట్టాడు. ఒక మీట నొక్కి స్వరం ఆగకుండా మోగేట్టు పెట్టి, దాని పక్కన నిలబడి, జర్మన్ ఇంజనీరు ప్రపంచానికి ఇచ్చిందేమిటో వివరించసాగాడు. స్థిరత్వం ఇచ్చాడట. తూర్పు దేశాలవాళ్ళు వాయిద్యాలు తయారుచేస్తారు, మేము సత్యాన్ని తయారుచేస్తాం అన్నాడు. ఇర్మెలా కేకు కోస్తూ కోస్తూ కత్తిని అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఒరికాసా గారు కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని వింటోంది. కిటికీ ఇంకా తెరిచే ఉంది.

ఉపన్యాసం నడుస్తుండగానే ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మూసింది. స్వరం నెమ్మదిగా పైకెక్కింది. ఆవిడ పిడిని ఇంకోవైపు తిప్పింది, కిటికీ పైభాగం మాత్రం లోపలికి వాలింది. స్వరం కొంచెం జారింది. మళ్ళీ మూసింది. స్వరం ఎక్కింది. ఈసారి బార్లా తెరిచింది. స్వరం మూలుగుతూ దిగిపోయింది. డాక్టరమ్మ విన్నది, పోలెంట్స్ విన్నాడు. ఆ గదిలో ఇన్నేళ్ళు పనిచేసిన హోల్ట్‌కాంప్ మొదటిసారిగా తల తిప్పి ఆ కిటికీ వైపు చూశాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ ఆ మాట కూడా ఎవరూ అడగలేదు. ఉపన్యాసం మధ్యలోనే ఆపేసి ఆయన ఆవిడ వైపు తిరిగాడు.

"మీరు కనిపెట్టేశారండీ. ఒప్పుకుంటున్నాను. చలికి జారకుండా పెట్టే ఆ ముక్క నేను పెట్టలేదు. మరిచిపోయి కాదు, పొగరుతో పెట్టలేదు. మీవాళ్ళు పెడతారు కనక పెట్టలేదు. పొద్దుట్నుంచీ నాకు తెలిసిన అందరినీ తిట్టాను. రెండు వారాలివ్వండి, రాయిలా నిలబెట్టి చూపిస్తాను."

ఒరికాసా గారు కిటికీ మూసి, పిడి మీద చెయ్యి అలాగే ఉంచి వెనక్కి తిరిగింది.

"క్షమించండి, నేను కిటికీని చూస్తున్నాను. పిడి ఒకటే. ఇటు తిప్పితే తలుపులా తెరుచుకుంటోంది, అటు తిప్పితే పైనుంచి వాలుతోంది. ఎంత బాగా ఆలోచించారు. ఈ గదిలో ఉన్నవాటన్నిటిలో..." ఆవిడ మర్యాదస్తురాలు, వాక్యం పూర్తిచెయ్యలేదు.

పేషెంటు నవ్వడానికి ప్రయత్నించాడు, సగం మొహమే సహకరించింది. ఇర్మెలా కుర్చీలో కూలబడింది. నిండుగా మీటర్లున్న స్పాండావ్ ఆమె కళ్ళముందు కదిలింది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పు ఒప్పుకోని మొగుడు, ఒప్పుకోకుండా ఉండాల్సిన ఒక్క రోజు ఒప్పుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

ఒరికాసా గారు మాత్రం కలవరపడినట్టు కనిపించింది. "రెండు వారాల్లో బాగుచేస్తారా? దయచేసి ఆ పని చెయ్యకండి. మీ యంత్రాలు శ్రుతి జారతాయని నాకు తెలుసు, నేను వచ్చిందే దానికోసం. మా యంత్రాలు జారవు. అందుకే వాటిని వాయించే మా కుర్రకారు ప్రాణం లేని, చచ్చిన యంత్రాలంటున్నారు. జారేట్టు చెయ్యమని మావాళ్ళకు చెప్పాను. ఏడాది కష్టపడ్డారు, పాపం, వాళ్ళకు తప్పు చెయ్యడం చేతకావడం లేదు."

"అంటే దీన్ని ఇలాగే వదిలెయ్యాలా?"

"ఒప్పందంలో ఆ షరతు రాద్దాం. బాగుచేస్తే ఒప్పందం రద్దు."

క్షణం కిందట కాళ్ళు పట్టుకోవడానికి సిద్ధమైన మనిషికి ఎక్కడి నుంచో పౌరుషం పొడుచుకొచ్చింది. తప్పు ఉందని తెలిసీ దానిని వదిలేస్తానని జర్మన్ ఇంజనీరు ఎవడూ సంతకం పెట్టడన్నాడు. తన తాత, తండ్రి, బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీ అందరూ ఆ మాటకు సాక్షులన్నాడు. ఇర్మెలా లేచి వచ్చి ఆయన చేతిలో కలం పెట్టింది.

"స్పాండావ్‌లో లిఫ్టులు లేని ఇళ్ళు చాలా ఉన్నాయి గిస్బెర్ట్," అంది మెల్లగా.

ఆయన సంతకం పెట్టాడు. డాక్టరమ్మ సాక్షి సంతకం చేసింది. పోలెంట్స్ గాలి మార్చడానికి కిటికీ తీశాడు.

వర్క్‌షాపు నిలిచింది, ఇప్పుడు అందులో నలుగురు పనివాళ్ళు కూడా ఉన్నారు. అయితే తప్పును తప్పుగా వదిలెయ్యడం హోల్ట్‌కాంప్ వల్ల కాలేదు. ఒక యంత్రం ఎక్కువ జారి, ఇంకొకటి తక్కువ జారడం ఆయన సహించలేకపోయాడు. పెద్ద ఫ్రిజ్ ఒకటి కొని, ప్రతి యంత్రాన్నీ అందులో పెట్టి, ఎంత చలికి ఎంత జారాలో కొలిచి, కొలత కుదరనివాటిని పక్కన పడేస్తున్నాడు. ఆయన యంత్రాలన్నీ ఇప్పుడు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే తీరుగా శ్రుతి తప్పుతాయి. ఈ విద్యలో జర్మన్‌లను మించినవాళ్ళు లేరని ఒరికాసా గారు కూడా ఒప్పుకుంది.