పడవకు మోటారు, భుజానికి బామ్

మగవాడి తీరికకు మోటారు బిగించడాన్ని మించిన పుణ్యకార్యం ఈ జిల్లాలో మరొకటి లేదు. నవ్వకండి. ముందు దేవిదాస్ సంగతి వినండి, తర్వాత మీ ఇష్టం.

దేవిదాస్ దుబాయిలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. రెండేళ్లకోసారి లీవు మీద ఆర్మూర్ పక్కనున్న తన ఊరికి వస్తాడు. ఆ రెండేళ్లూ అతడి భార్య నీలవ్వ పసుపు వేస్తుంది, తవ్విస్తుంది, ఉడకబెడుతుంది, ఎండబెడుతుంది. ఎండిన కొమ్ములను డ్రమ్ములో పోసి తిప్పుతుంది.

పసుపు పండించని వాళ్ల కోసం ఒక ముక్క. ఆ డ్రమ్ము ఒళ్లంతా చిల్లులు పొడిచిన ఇనుప పీపా. ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్క పిడి పట్టుకొని తిప్పుతుంటే లోపల కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని, పైతోలు రాలి, నిగ్గు తేలతాయి. తోలు రాలని పసుపును మార్కెట్లో వ్యాపారులు కాలితో కూడా కదిలించరు.

ఆ పిడి తిప్పీ తిప్పీ నీలవ్వ కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవాలన్నా ఎడమ చెయ్యే దిక్కు. కిందటి లీవులో ఆమె మొగుణ్ని ఒక్కటే అడిగింది. డ్రమ్ముకు ఒక మోటారు.

దేవిదాస్ కాదనలేదు. ఆలోచించాడు! మోటారు పెడితే కొమ్ములు విరుగుతాయన్నాడు. చేతి పాలిషుకు వచ్చే నిగ్గు మిషనుకు రాదన్నాడు. మా అమ్మ తిప్పలేదా అన్నాడు. ఎంత ముందుచూపు! పోతూ పోతూ ఆమె చేతిలో దుబాయి నుంచి తెచ్చిన బామ్ సీసా పెట్టాడు. ఆకుపచ్చ సీసా. మూత తీస్తే వాకిట్లో కూర్చున్న వాళ్ల కళ్లల్లో కూడా నీళ్లు తిరుగుతాయి. మొగుడు గల్ఫులో ఉన్న ఇంట్లో ఆ సీసా లేని గూడు ఉండదు. మోటారుకైతే పెట్రోలు కావాలి, రిపేరు కావాలి. బామ్‌కు ఏం కావాలి? ఒక భుజం ఉంటే చాలు!

ఈసారి లీవుకు అతడు బొంబాయి నుంచి జీపు మీద పడవ కట్టుకొని దిగాడు. అరబ్బు పిల్లలు ఆడుకొని విసిగి పడేసిన ఫైబర్ పడవ. ఒక్క మనిషి కాళ్లు చాపుకొని కూర్చునేంత సన్నం. దాన్ని కయాక్ అంటారట. రెండు చివర్లా వెడల్పు పలకలున్న తెడ్డు ఒకటి. తెల్లదొరలు అందులో కూర్చొని సరదాకు గాలం వేస్తారని, అది చేపల కోసం కాదు, మనసు కోసమని దేవిదాస్ ఊరంతా తిరిగి చెప్పాడు.

మొదటి రోజు ఊరి చెరువులో ఒక పూట తెడ్డు వేశాడు. ఇంటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"రెక్కలు గుంజుతున్నయే," అన్నాడు.

డ్రమ్ము దగ్గర నుంచి అప్పుడే వచ్చిన నీలవ్వ తన భుజం వంక చూసుకుంది.

చూశారా! నొప్పి అనేది ఒకటుందని ఆ పూటే లోకానికి తెలిసింది. తెల్లారేసరికి దేవిదాస్ ఆర్మూర్‌లో ఉన్నాడు. చిన్న పెట్రోలు ఇంజను కొన్నాడు. వెల్డింగు గంగాదాస్ చేత దానికి రేకు పంకా చేయించి పడవ తోకకు బిగించాడు. కిందటి లీవంతా తెగని ఆలోచన ఇక్కడ ఒక్క పూటలో తెగింది!

అన్నం పెడుతూ నీలవ్వ, కూతురి పేరుతో మొగుణ్ని పిలిచి, మెల్లగా కదిపింది. "తార నాయినా, గా ఇంజను డ్రమ్ముకు గూడ పనికొస్తదట. గంగాదాసన్న చెప్పిండు."

"నేను దుబాయ్ పోయేటప్పుడు సూద్దాం తియ్యి," అన్నాడు దేవిదాస్.

అతడు పోయేనాటికి పసుపు మార్కెట్టుకు చేరి ఉంటుంది. అయినా మాట ఇచ్చాడా లేదా?

ఇక ఆ మోటారు ఊరికి చేసిన మేలు వినండి. దాని దడదడకు చెరువులోని కొంగలన్నీ వేల్పూర్ దిక్కు ఎగిరిపోయాయి. చేపలైతే పడవ వచ్చే వైపు నుంచి పారిపోయి నేరుగా పోచయ్య వలలో పడ్డాయి. చేపలు పట్టి బతికే పోచయ్య తాతలు కూడా అంత చేపను చూసి ఉండరు. "దేవిదాసన్నా, రేపు జర గా తూర్పు దిక్కు తిప్పుండ్రి, నేను గిటు వల ఏస్త," అని ముందురోజే చెప్పుకొనేవాడు. దేవిదాస్ గాలానికి ఒక్క చిన్న చేప పరక కూడా తగల్లేదు. వస్తూ వస్తూ పోచయ్య దగ్గరే రెండు చేపలు కొని, తాడుకు గుచ్చి, ఊరి నడుమ నుంచి వేలాడేసుకొని వచ్చేవాడు. వాటిని తోమి, కోసి, వండే భాగ్యం ఎవరిది? పాపం, నీలవ్వకు డ్రమ్ము తప్ప వేరే కాలక్షేపం లేదనే కదా ఆ మనిషి తపన!

మోటారు వచ్చాక తెడ్డుతో పనేముంది? మూలకు విసిరేశాడు. అది నీలవ్వ చేతికి దొరికింది. చెరువు కట్ట కింది కల్లంలో ఎండబోసిన కొమ్ములను తిరగేయడానికి, కుప్ప చేయడానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు. దాన్ని చేసిన దొరలకే ఆ సంగతి తెలియదు.

ఒక మధ్యాహ్నం కాని కాలంలో మబ్బు పట్టింది. కల్లం నిండా పసుపు. నీలవ్వ, పొరుగింటి మంగవ్వ చీరలు పైకి దోపి ఆదరాబాదరాగా కుప్ప చేస్తున్నారు. అంతవరకు చెరువు నడుమ దడదడలాడిన మోటారు ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది.

కాసేపటికి పోచయ్య తెప్పను ఒడ్డుకు చేర్చి కల్లంలోకి వచ్చాడు. దేవిదాసన్న తెడ్డు తెమ్మన్నాడని, ఈ గాలికి పడవను గుంజుకురావడం తన వల్ల కాదని చెప్పాడు. ఎండాకాలపు చెరువు. నీళ్లు నడుము లోతే. దిగితే నడిచి రావచ్చు. కాని మోటారున్న మనిషి బురదలో దిగుతాడా?

నీలవ్వ చేతిలో తెడ్డు ఆగలేదు. "కుప్ప కాలే ఇంక," అంది.

"మరెట్ల వదినె? తెప్ప మీద ఇంకొక్క బరువే ఆగుతది. అన్నను తెస్తే మోటరు గాడ్నే ఉంటది. వానకు ఖరాబైతది."

మంగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నీలవ్వ మబ్బు వంక చూసింది.

"ముందుగాల మోటరు తే పోచయ్యా. మనిషి తడిస్తే ఆరుతడు."

మోటారు వచ్చింది. దాని వెనకే వాన వచ్చింది. కుప్ప మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టిన తర్వాత దేవిదాస్ కూడా వచ్చాడు. నడిచి, నడుము దాకా బురదతో.

మర్నాడు నీలవ్వ పిలిపిస్తే గంగాదాస్ వచ్చి డ్రమ్ముకు మోటారు పెట్టి బెల్టు బిగించాడు. కొమ్ములు విరగలేదు. నిగ్గు తగ్గలేదు. తిరుగుతున్న డ్రమ్మును చూస్తూ నీలవ్వ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు నడుము మీద పెట్టుకుంది.

కాబట్టి అమ్మలారా, ఇంట్లో పనికి మోటారు కావాలని అడిగి అడిగి నోరు నొప్పి చేసుకోకండి. మీ భుజం సంగతి అసలు ఎత్తకండి. ముందు మీ ఆయనకు ఒక సరదా చూడండి. ఆ సరదాలో ఆయనకు ఒక్క పూట రెక్కలు నొయ్యనివ్వండి. మోటారు దానంతట అదే ఇంటికి నడిచి వస్తుంది!

దేవిదాస్ మాత్రం డ్రమ్ము పక్కన నిలబడి, మరి తన పడవ గతేమిటని అడిగాడు. లీవు ఇంకా ఉందన్నాడు. తెడ్డు వేస్తే రెక్కలు ఎట్లా గుంజుతాయో ఎవరికైనా తెలుసా అన్నాడు.

నీలవ్వ తెడ్డుకు అంటిన పసుపును కడిగి తెచ్చి అతడి చేతికిచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లి, గూట్లోని ఆకుపచ్చ సీసా తెచ్చి, వెలుతురుకు ఎత్తి చూసింది.

"సగమున్నది," అంది. "నీ లీవు అయిపోయేదాంక సాలుతది."