మా అత్తగారి కుడిచెవి, దేశభద్రత

మా అత్తగారికి ఆర్నెల్లుగా ఏమీ వినపడటం లేదు. దేశం క్షేమంగా ఉంది. ఈ రెండింటికీ సంబంధం లేదని మీలో ఎవరైనా రుజువు చేయగలరా?

చేయలేరు! అందుకే ఎగుమతుల మీద ప్రభుత్వం పెట్టిన ఆంక్షల్ని ఎవరైనా ఆడిపోసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ వస్తువు ఏ దేశం చేరి ఎవరి చేతిలో ఏ అవతారం ఎత్తుతుందో మనలాంటి వాళ్లకేం తెలుసు? అది తెలిసినవాళ్లు పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చుని మనకోసం అనుమానపడుతున్నారు. జీతం తీసుకుని మరీ అనుమానపడుతున్నారు.

అసలు సంగతి చెబుతాను. మా అత్తగారిది సరిహద్దు అవతలి దేశం. ఆవిడకి బ్రహ్మచెవుడు. కుడిచెవికి మిషన్ తగిలించారా, ఇక పక్కింటివాళ్ల గుసగుసలు కూడా ఆవిడ సొంతమే. ఆ మిషన్ పాడైంది. కొన్నది ఇక్కడే కాబట్టి, ఇటు వస్తున్న ఎవరి చేతనో రిపేరుకి పంపించారు. షాపతను లోపల ఒక చిప్పు మార్చి, ఒరిజినల్ కన్నా బాగా పనిచేస్తుందని చేతిలో పెట్టాడు. నేను దాన్ని దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, కొరియర్ ఆఫీసుకి తీసుకెళ్లాను.

అక్కడే నాకు జ్ఞానోదయం అయింది. వచ్చేటప్పుడు అది ముసలావిడ చెవి మిషన్. వెళ్లేటప్పుడు, అదీ కొత్త చిప్పుతో, అది "శబ్దాలను గ్రహించి, వడపోసి, విస్తరింపజేయు నియంత్రిత పరికరం"! లైసెన్సు లేనిదే పొలిమేర దాటడానికి వీల్లేదు. ఇన్నాళ్లూ ఇంత ప్రమాదకరమైన సరుకు మా అత్తగారి చెవిలో ఉండేదని తలుచుకుంటే నాకు చెమట్లు పట్టాయి.

లైసెన్సు ఆఫీసరు మంచివాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. వాడేది ఎవరని అడిగాడు. మా అత్తగారన్నాను. దేనికన్నాడు. వినడానికన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, నా కళ్లలోకి చూశాడు.

"ఎవరి మాటలు?"

చూశారా, ప్రశ్న! పెళ్లయినప్పట్నుంచీ ఆవిడకి అల్లుణ్ణి. ఒక్కసారైనా నాకు ఈ అనుమానం వచ్చిందా? వీధి చివర ఎవరి పెళ్లి సంబంధం తప్పిపోయిందో పెళ్లికూతురి కన్నా ముందే పసిగట్టిన మనిషి. ఆవిడకి మిషన్ తగిలించి సరిహద్దులో కుర్చీ వేసి కూర్చోబెడితే, మన సైన్యాధిపతులు ఇంట్లో పెళ్లాలతో పడ్డ గొడవలు కూడా శత్రువుకి చేరవూ?

కాబట్టి హామీపత్రం అడిగారు. సదరు పరికరంతో అణ్వాయుధాలు, రసాయనాయుధాలు, రోగాల ఆయుధాలు తయారుచేయబోనని అత్తగారు సంతకం పెట్టాలి. ఈ విషయం ఆవిడకి ఫోన్‌లో చెప్పాల్సిన భారం మా ఆవిడ మీద పడింది. "అమ్మా, నువ్వు బాంబులు చేయనని రాసివ్వాలే" అని ఆవిడ బాల్కనీలో నిలబడి కేకలేసింది. ఆ రోజు నుంచి కింది వాటా రిటైర్డ్ మాస్టారు నన్ను చూస్తే దారి మార్చేస్తున్నారు.

అంతటితో అయిందా? నా బీపీ, మావాడి లెక్కల మార్కులు, మా మేనేజరు గురించి నేను ఇంట్లో వాడే మాటలు, అన్నీ అరిచే చెప్పాలాయె. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు మా గురించి తెలియనివాళ్లు లేరు, లిఫ్టులో ఇరుక్కుపోయినవాళ్లతో సహా. అయినా దేశ రహస్యాలు నిలబడాలంటే ఒక ఇంటి గుట్టు రట్టయితే తప్పా?

పైగా నాకెంత ప్రశాంతత! ఇదివరకు కూతురి గొంతులో కాస్త జీర వినపడితే చాలు, ఫోన్ అల్లుడికివ్వమనేవారు. ఇప్పుడా భయం లేదు. ఈమధ్య మా ఆవిడ అరవడం కూడా మానేసింది. ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల వాళ్లమ్మ చెప్పుకుపోతుంటే ఊఁ కొడుతూ కూర్చుంటుంది. ఆ ఊఁ ఎవరికి వినపడాలని? అత్తగారు మాత్రం రోజూ చివర్లో ఒకే మాట అంటారు. "నువ్వేమంటున్నావో నాకు తెలీదు గానీ, ఫోన్ పెట్టేయకే."

ఇంతలో పేపర్లో ఫొటో పడింది. మన ప్రభుత్వం అదే దేశానికి ఫిరంగులు అమ్మిందట. మిత్రదేశమట. దండలు, చప్పట్లు, చిరునవ్వులు. నేను పేపరు పట్టుకుని ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. ఫిరంగి వెళ్లిన దారిలో చెవి మిషన్ వెళ్లకూడదా అని అడిగాను.

ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. "ఫిరంగి దేనికి వాడతారో అందరికీ తెలుసండీ. అందులో అనుమానమేముంది? మీ మిషన్ సంగతే తేలట్లేదు."

ఎంత మాట! ఇంటికొచ్చి ఆయన తెలివికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

నిన్న అత్తగారే ఫోన్ చేశారు. గొంతులో సంబరం పట్టడం లేదు. "అల్లుడుగారూ, నా చెవి బాగుపడిందండీ. పొద్దుట్నుంచీ ఊరి బయట ఢాం, ఢాం అని ఒకటే మోత. మిషన్ లేకుండానే వినపడుతోంది. మీరింక ఆ ఆఫీసు చుట్టూ తిరగకండి."

మన ఫిరంగులే! ఆ ఊరి మైదానంలోనే పరీక్షిస్తారని పేపర్లో రాశారు. ఒక వస్తువు ఆపి, ఇంకో వస్తువు పంపి, మా అత్తగారికి వినికిడి తెప్పించిన ప్రభుత్వమండీ ఇది. ఇంకా తప్పులెన్నుతారా?

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఈసారి అరవలేదు. "అమ్మా, నేనే. వినపడుతోందా?" అంది, మామూలు గొంతుతో.

అవతల ఒక మోత, దాని వెనకే అత్తగారి గొంతు.

"అమ్మాయి అక్కడే ఉందా అల్లుడుగారూ? ఉంటే ఏదైనా మాట్లాడమనండి. దాని గొంతు కూడా వినపడుతుందేమో చూస్తాను."