చిటికెడు పొడి, నాలుగు బొట్లు

ఆ శనివారం పదకొండు గంటలకు రుద్రారం యూనివర్సిటీలో వర్షకు మిషన్ వంతు. కంటికి ఆనని ఇనుప రేణువుల అయస్కాంత బలాన్ని ఆ మిషన్ కొలుస్తుంది. వంతు తప్పితే మళ్ళీ రెండు నెలలకే. పరిశోధన గడువేమో నెలలోనే. ఇస్నాపూర్‌లోని ఇంట్లో స్నానానికి వెళ్తూ ఆమె తాను తయారుచేసిన ఆ రేణువుల ఎర్రటి పొడి పొట్లాన్ని దేవుడి ముందు పెట్టింది.

ఆమె తండ్రి ప్రహ్లాద్ ప్రతి శనివారం తలస్నానం చేసి హనుమంతుడికి మొక్కి, సిందూరం పెట్టుకున్నాకే కిరాణా దుకాణం తెరుస్తాడు. పొట్లం విప్పి నుదుటికి, గడపకు, తక్కెడకు బొట్లు పెట్టాడు. పక్క షెడ్డు యజమాని ఇజాజ్ ఆ పొద్దున్నే ఇనుము చెక్కే కొత్త లేత్ మిషన్ నడిపించాడు. దానికీ పూజ చేయమని పనివాళ్ళు అడిగితే ప్రహ్లాద్ మిగిలిన పొడంతా దానికి పూసి వచ్చాడు.

“బాపూ, గీ పొట్లంల పొడి ఏది?”

“సిందూరమా? అందరికీ పెట్టిన బిడ్డా. శానా మెత్తగున్నది. ఏ గుడిది?”

“గుడిది కాదు, నా ఆర్నెల్ల కష్టం!”

కేక విని ఇజాజ్ వచ్చాడు. “పరేషాన్ గాకు బేటీ. ఇనుప రజను ఏరే అయస్కాంతం నా దగ్గరున్నది.”

వర్ష అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు తొడిగి లేత్ మీద, తక్కెడ మీద, గడప మీద తిప్పింది. చివరికి తండ్రి నుదుటి దగ్గరికొచ్చింది.

“గింత పొడికి బలం కొలుసుడేంది బిడ్డా?”

“రేణువు మస్తు చిన్నగైతే, అయస్కాంతం దగ్గరుంటే అన్నీ ఒక్క దిక్కే తిరుగుతయి. తీసేస్తే మర్చిపోతయి.”

“మా భజన మండలి లెక్కనే. మరి ఎందుకు మర్చిపోతయి?”

“గదే కొలవాలె. జెర కదలకు బాపూ!”

ఇజాజ్ బండి మీద దింపితే, ఏరిన పొడితో సరిగ్గా పదకొండుకు యూనివర్సిటీ చేరింది. పొడి మిషన్‌లో పెట్టాక తెర మీద గీత లేచేకొద్దీ ఆమె గైడు ప్రొఫెసర్ నరసింహమూర్తి కుర్చీలోంచి లేచాడు.

“పోయినసారికి రెండింతలు! ఏం కలిపినవమ్మా?”

ఊరుకుంటే గడువు గట్టెక్కేది. వర్ష నోరు ఊరుకోలేదు. “మా బాపు బొట్టు పెట్టిండు సార్,” అని మొత్తం చెప్పేసింది.

“అంటే లేత్ రజను కలిసింది. ఇది నీ పొడి కొలత కాదు.”

ఆమె ముఖం వాడిపోయింది. ఆయన మాత్రం తెర వైపే చూస్తున్నాడు. “కానీ రెండూ కలిస్తే గిట్ల వస్తదని నేననుకోలె. వచ్చే వారం నా వంతులు రెండూ నువ్వే తీస్కో. ఒకనాడు కొత్తగ చేసిన నీ పొడి ఒక్కటే, ఒకనాడు గిట్ల కలిపి. ఎట్ల జరిగిందో అట్లనే రాయి, ఒక్కటి వదలకు.”

వర్ష బస్సులోనే నోటుబుక్కు తీసి ‘ప్రయోగ పద్ధతి’ అని రాసి అడుగున గీత గీసింది. దాని కింద మొదటి వాక్యం: “ముందుగా తండ్రి తలస్నానం చేయవలెను.”