పాతపేట మురుగులో పన్నీరు

ఆ ఆదివారం ఉదయం హమూద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ చేతి కాఫీ మూడు కప్పులు తాగాలి, రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకోవాలి, ఎనిమిదింటికల్లా ఊరి బయట ఇసుకలో కట్టిన మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్ళి పాతపేట గొట్టం తెరవాలి. అంతే. నాలుగేళ్ళు ఎండలో మాడి అంత కేంద్రాన్ని కట్టించిన ఇంజనీరుకు ఒక గొట్టం తెరవడం ఏపాటి పని?

గాఫియా ఒకప్పుడు మూడు వందల ఇళ్ళ ఊరు. ఇప్పుడు ఎడారి మీదికి ఎటు పడితే అటు పాకి రెండు లక్షల మంది నగరమైంది. మనుషులు పెరిగారు గాని నీళ్ళు పెరగలేదు. పాతపేట తోటలకు తాతల నాటి నుంచి నీరిచ్చిన ఫలజ్ కాలువ రెండేళ్ళ క్రితం ఎండిపోయింది. హమూద్ తండ్రి నాటి వెళ్ళిన ఖర్జూరపు చెట్లు డెబ్భై. వాటిని ఎలాగైనా బతికించాలని తల్లి జువైనా కూరలు కడిగిన నీళ్ళు బకెట్లతో మోసి పోస్తోంది. నగరం వదిలే మురుగును శుభ్రం చేసి ఆ తోటలకు పంపాలన్నది హమూద్ పట్టుదల. పదిరోజుల్లో వాలీ గారు, అంటే జిల్లాకు పెద్ద, వచ్చి కేంద్రాన్ని ప్రారంభించాలి. అది తప్పితే మళ్ళీ వేసవి దాటాకే. వేసవి దాటేదాకా ఆ చెట్లు ఆగవు.

"మనింటి నీళ్ళు ఇవాళే పోతాయా నాయనా అక్కడికి?" అంది జువైనా కాఫీ పోస్తూ.

"ఇవాళేనమ్మా. ఒక్కో వీధి నీళ్ళు విడిగా గాజు సీసాలో పట్టి, వీధి పేరు రాసి పరీక్ష చేస్తాం. వాలీ గారొచ్చినప్పుడు వరసగా పెట్టి చూపిస్తాం."

జువైనా చేతిలో కాఫీ కూజా ఆగిపోయింది. "వీధి పేరు రాసా?"

"రాయకపోతే ఎలా తెలుస్తుంది?"

మూడో కప్పు కాగానే, ఇక చాలన్నట్టు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి తల్లికిచ్చి వెళ్ళిపోయాడు హమూద్. వెళ్ళేముందు ఆవిడ ముఖం ఒక్కసారి చూసి ఉంటే ఇంత రభస జరిగేది కాదు.

పాతపేటలో రోజూ పదింటికి ఆడవాళ్ళంతా ఎవరో ఒకరింట్లో కాఫీకి చేరతారు. ఆ రోజు వంతు జువైనాది.

"విన్నారా? మన మురుగు గాజు సీసాలో పోసి వాలీ గారి ముందు పెడతారట! వీధి పేరు రాసి మరీ!"

"అయ్యో నా తల్లీ!" అని గుండె మీద చెయ్యేసుకుంది ఎదురింటి షంసా. "చేపలు కడిగిన నీళ్ళు కూడానా?"

"అన్నీనూ."

"పై వీధి వాళ్ళ సీసా పక్కనే మనదీ పెడతారు కాబోలు. మనల్ని చూసి నవ్వడానికి వాళ్ళకి ఇంకేం కావాలి!"

ఇంటికొచ్చినవాడికి చిరిగిన చాప వేయడానికే సిగ్గుపడే ఊరది. అలాంటిది వాలీ గారికి మురికి మురుగు చూపిస్తుందా? సాయంత్రానికి పాతపేట కొట్లలో బ్లీచింగు డబ్బా ఒక్కటి మిగల్లేదు.

సోమవారం పొద్దున పరీక్షలు చేసే రయ్యా సీసాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "సార్, ఇవి మురుగు సీసాలేనా? నా మంచినీళ్ళ సీసాలతో కలిసిపోయాయా?"

హమూద్ ఒకటి తీసుకుని వాసన చూశాడు. కళ్ళు మండాయి. ఆ కేంద్రమంతా నడిచేది కంటికి కనబడని సూక్ష్మజీవుల మీద. మురికి వాటికి అన్నం. పక్క నగరం నుంచి తెచ్చి, మూడు వారాలుగా చంటిపిల్లల్లా సాకుతున్నాడు వాటిని. ఇప్పుడు పాతపేట వాటికి అన్నం మానేసి విషం పెడుతోంది.

ఇంటికి పరుగెత్తాడు. "అమ్మా, ఆ బ్లీచింగు ఆపండి! మాకు మురికి నీళ్ళే కావాలి!"

జువైనా ముసిముసిగా నవ్వింది. గాఫియాలో ఏ అతిథీ "ఇంకాస్త పెట్టండి" అనడు. "వద్దు, వద్దు, ఇదే ఎక్కువ" అంటాడు. ఆ మాట నమ్మి వడ్డన ఆపిన ఇల్లాలిని ఊరు మూడు తరాల దాకా చెప్పుకుంటుంది.

"నా కొడుకు ఎంత మర్యాదస్థుడో చూశారా? మనకి కష్టమని వద్దంటున్నాడు!" అంది ఆవిడ మర్నాడు కాఫీ దగ్గర. అందరి కళ్ళూ చెమర్చాయి. ఆ మధ్యాహ్నం బ్లీచింగుకు సబ్బుపొడి తోడయింది. ఆ వెనకే కొండమీది గులాబీల పన్నీరు, సాంబ్రాణి నానబెట్టిన నీళ్ళు కూడా తూముల్లోకి దిగాయి.

హమూద్ గడపగడపకూ తిరిగాడు. "పిన్నీ, మీ కాళ్ళు పట్టుకుంటా, చేపల నీళ్ళు చేపల నీళ్ళలాగే వదిలెయ్యండి!"

"అలాగే నాయనా, అలాగే" అని షంసా తలుపేసుకుని ఇంకో పన్నీరు సీసా వంపింది.

బుధవారం నాడు తొట్లలో గాలి కొట్టే యంత్రాలు ఆ సబ్బునీళ్ళను గిలక్కొట్టాయి. నురగ పొంగి గోడ దాటింది, గేటు దాటింది, గాలికి లేచి పోయి పై వీధివాళ్ళ ఒంటెల మీద పడింది. ఎడారిలో పుట్టి పెరిగిన ఒంటెలు పన్నీరు వాసనతో తెల్లగా నిలబడ్డాయి. పై వీధివాళ్ళు ఆ నురగను వేలితో తీసి చూసి కుతకుతలాడారు. "పాతపేట మురుగే ఇంత తెల్లగా ఉంటే మనదెలా ఉండాలి?" అని వాళ్ళూ కొట్ల మీద పడ్డారు.

హమూద్ గేటు బయట తల పట్టుకు కూర్చున్నాడు. ఒక పసుపుపచ్చ ట్యాంకరు వచ్చి ఆగింది. ఇరవై ఏళ్ళుగా పాతపేట ఇళ్ళ గుంతల్లోంచి మురుగు తోడి మోస్తున్న ఖల్ఫాన్‌ది అది. ఈ కేంద్రం తన బతుకుతెరువు మింగేస్తుందని నాలుగేళ్ళుగా హమూద్‌తో మాట్లాడటం లేదు.

"ఏరా ఇంజనీరూ, ఇన్ని తొట్లు కట్టింది బట్టలుతకడానికా?"

హమూద్‌కు దుఃఖం ఆగలేదు. "నవ్వు బాబాయ్, నవ్వు. ఈ వేసవికి నాన్న చెట్లు పోయినట్టే."

ఖల్ఫాన్ ముఖంలో నవ్వు పోయింది. ట్యాంకరు దిగి పక్కన కూర్చున్నాడు. "మీ నాన్న ప్రతి కోతకీ ఒక పళ్ళగెల తెచ్చి నా బండి అద్దానికి కట్టి వెళ్ళేవాడు. నా చేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి కావు కదా, అందుకని. ఊరంతట్లో నన్ను తలచుకున్నది ఆయనొక్కడే." ఇసుక దులుపుకుని లేచాడు. "అసలైన మురుగు ఎక్కడుందో నాకు తెలుసు. కొత్త కాలనీల గుంతలన్నీ తోడి తెస్తా. ముందు నువ్వా బ్లీచింగు ఆపించు."

"ఎన్ని మాటలు చెప్పినా ఆపడం లేదు."

"మాటలతో ఎవరు ఆపుతార్రా పిచ్చివాడా? కాఫీని మాటలతో ఆపుతావా?"

గురువారం పదింటికి ఆడవాళ్ళ కాఫీ మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు హమూద్. ఒక్క మాట అనలేదు. ఖాళీ బ్లీచింగు డబ్బా పైకెత్తి, కాఫీ కప్పులా అటూ ఇటూ ఊపాడు.

ఎత్తిన కూజాలు కిందికి దిగాయి. కప్పు ఊపాక పోయడం మహాపాపం.

"నిజంగానే చాలా?" అంది జువైనా.

"నిజంగానే చాలమ్మా."

"ఆ ముక్క మొదటే చెప్పి చావొచ్చు కదరా!"

ఖల్ఫాన్ ఆ రోజూ మర్నాడూ కలిపి పదకొండు బళ్ళు తెచ్చాడు. డబ్బా ఊపిన సంగతి పై వీధికీ పాకింది; రెండు చోట్లా మళ్ళీ చేపలు కడిగారు, జిడ్డు గిన్నెలు తోమారు. నాలుగోరోజు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తకుండానే రయ్యా కేకేసింది. "కదులుతున్నాయి సార్! కదలడమేంటి, పండగ చేసుకుంటున్నాయి!"

వాలీ గారు అనుకున్న రోజుకే వచ్చారు. బల్లమీద సీసాలన్నీ నల్లగా, చిక్కగా వరసకట్టాయి. ఆయన అన్నిటికంటే చిక్కనిది చూపించి "ఇదేమిటి?" అన్నారు.

"దీన్లోనే బలం ఎక్కువండీ" అంది రయ్యా.

"అది మాదే! మా చేపల నీళ్ళే!" అని వెనకనించి అరిచింది షంసా, పై వీధివాళ్ళ వైపు చూస్తూ.

ఆ సాయంత్రం శుభ్రమైన నీళ్ళు గొట్టంలోంచి తోటలోకొచ్చాయి. మొదటి చెట్టు పాదు నిండి రెండోదానికి పారుతుంటే జువైనా చేతిలో బకెట్టు బోర్లించి, దానిమీద కూర్చుని తనివితీరా ఏడ్చింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని గట్టు అవతల నిలబడ్డ ఖల్ఫాన్ దగ్గరకు వెళ్ళింది. అతని ట్యాంకరుకు అప్పుడే సగం ఆకుపచ్చ రంగు వేశారు. గొట్టాలు లేని తోటలకు ఈ నీళ్ళు మోసే పని ఇక అతనిదే.

"ఇరవై ఏళ్ళు మా ఇంటి గుంత తోడావు. ఒక్కరోజు లోపలికి రమ్మనలేదు నిన్ను. నాది తప్పు, తమ్ముడూ. రా."

"ఈ చేతులతోనా అక్కా?" అన్నాడు ఖల్ఫాన్.

జువైనా పన్నీరు సీసా తెచ్చి తనే అతని చేతులమీద పోసింది. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో పైవరసలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

మూడు కప్పులతో ఊపడం ఆచారం. ఖల్ఫాన్ ఎనిమిదోది తాగుతున్నాడు, ఊపే సూచనలు మాత్రం ఇంకా కనబడటం లేదు.