జలపాతం ఆగిన పూట

ఎనిమిదింటికి బస్సు, తొమ్మిదిన్నరకు జలపాతం, పన్నెండింటికి మళ్లీ బస్సు. భూగోళం టీచరమ్మ ఐదింటికే తయారై హోటల్ గదిలో కుర్చీ అంచున కూర్చుంది. ముప్పై రెండేళ్లపాటు ప్రపంచ వింతలన్నింటినీ పిల్లల చేత బట్టీ పట్టించిన మనిషి, రిటైరయ్యేదాకా వాటిలో ఒక్కదాన్నీ కళ్లతో చూసిన పాపాన పోలేదు. ఈ యాత్రలో మొదటిది జలపాతం. అందుకే ఆమెకు కాలు నిలవడం లేదు.

తోడొచ్చిన ఆడపడుచు దుప్పట్లోంచే మూలిగింది. "వదినా, జలపాతం ఎక్కడికీ పారిపోదు. ఇంకో గంట పడుకోనీ."

"జలపాతమంటేనే పారిపోయేది. లే!"

బస్సు దిగేసరికి సన్నగా తుంపర పడుతోంది. అందరూ ఎర్ర గొడుగు పట్టుకున్న గైడు వెనకే రావాలనీ, తలలు లెక్కపెట్టాక బయల్దేరదామనీ చెప్పారు. లెక్క రెండుసార్లు తప్పింది. మూడోసారి మొదలుపెట్టగానే టీచరమ్మకు ఓపిక నశించింది. సంచీలోంచి గొడుగు తీసి, నది పక్క దారిన చరచరా నడిచింది. ఆ గొడుగూ ఎర్రదే.

వంద అడుగులు వేసిందో లేదో ఈదురుగాలి ఒకటి వచ్చి, గొడుగును చేతిలోంచి లాక్కుపోయి నదిలో పడేసింది. "పోతే పోయింది పీడ," అనుకుని వెనక్కి తిరిగిన టీచరమ్మ ఉలిక్కిపడింది. ఇరవై ఆరుగురు మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ తెలిసిన మొహం కాదు, వేరే బస్సువాళ్లు.

"ఎర్ర గొడుగు వెంటే వచ్చాం. ఇప్పుడెటు మేడమ్?" అన్నాడు ముందున్న బట్టతలాయన.

"నేను గైడును కానండీ. మీ గైడు ఎక్కడో..."

ఆ మాట పూర్తికాకుండానే వెనకనుంచి ఎవరో పక్కవాళ్లకు చెబుతున్నారు. "ఈ జలపాతం ఎత్తు యాభై అడుగులట."

"అడుగులు కాదు, మీటర్లు!" టీచరమ్మ గొంతు దానంతటదే లేచింది. "పక్కవాళ్లకు తప్పు చెప్పకండి. అందరూ ఇటు రండి." అంతే, ఆమె గైడైపోయింది.

దారి రెండుగా చీలిన చోట బోర్డు ఊడి కింద పడి ఉంది. టీచరమ్మ చెవి రిక్కించింది. కుడివైపు నుంచి హోరు వినిపిస్తోంది. "హోరు ఎటుంటే నీళ్లు అటే. పదండి!" అని పావుగంట నడిపించి, పెద్ద తలుపొకటి తోసుకుని ఇరవై ఆరుగురితో లోపల అడుగుపెట్టింది. అది హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీ. గదంత మిషన్లు పన్నెండు గిర్రున తిరుగుతున్నాయి.

"చెప్పుల్తో లోపలికి రాకూడదమ్మా!" అంటూ మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు.

"మేం ఉండడానికి రాలేదు. జలపాతానికి దారేది?"

"వెనక తలుపు తీస్తే నేరుగా అక్కడికే. కానీ అది పనివాళ్ల..."

మిగతాది వినడానికి ఆమె అక్కడ లేదు. తడి దుప్పట్ల మధ్యనుంచి ఇరవై ఆరుగురూ ఆమె వెంట బయటపడ్డారు.

ఈలోగా నది ఒడ్డున వేరే కథ నడిచింది. మూడో లెక్కలో ఒక తల తగ్గింది. సరిగ్గా అప్పుడే జలపాతం వైపు కొట్టుకుపోతున్న ఎర్ర గొడుగు ఆడపడుచు కంట పడింది. "అయ్యో, మా వదిన!" అని ఆమె పెట్టిన కేకకు గైడు జలపాతం చూసుకునే అధికారి దగ్గరికి పరుగెత్తాడు. కిందికి దిగి వెతకడానికి వీలుగా అధికారి పైనున్న ఆనకట్టకు ఫోన్ చేసి గేట్లు మూయించాడు.

టీచరమ్మ జలపాతం ఎదుటి కటకటాల దగ్గరికి చేరేసరికి ధార తాడంత ఉంది. చూస్తుండగానే దారమంత అయింది. ఆ దారమూ తెగిపోయింది.

"నీళ్లేవండీ?" అని అక్కడున్న అధికారిని నిలదీసింది.

"ఆపించామమ్మా. ఎవరో టీచర్ నదిలో పడిపోయిందట. మహా మొండిదట, వాళ్ల ఆడపడుచే చెప్పింది."

"మొండిదనా అంది?"

"ఆవిడ దొరికితే గానీ వదలం."

టీచరమ్మ వెనక్కి చూసింది. ఇరవై ఆరు జతల కళ్లు ఆమె మీదే ఉన్నాయి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా గొంతు సవరించుకుంది. "దొరికింది. వదలండి."

"ఎక్కడ?"

"మీ ఎదురుగా."

"మూయడం పది నిమిషాల పనమ్మా," అన్నాడు అధికారి నీరసంగా. "తెరవడానికి పైనుంచి అనుమతి రావాలి. నాలుగు దాటుతుంది."

బస్సు పన్నెండింటికే. బట్టతలాయన కటకటాలు పట్టుకుని నిట్టూర్చాడు. "ఇంతదూరం వచ్చింది ఈ రాతిగోడ చూడ్డానికా?"

టీచరమ్మ తల ఎత్తి చూసింది. పైన నల్లటి గట్టి రాయి చూరులా ముందుకు పొడుచుకొచ్చింది. దాని కింద ఎర్రటి మెత్తరాయిని నీళ్లు తొలిచేసి గుహ చేశాయి. ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "గోడంటారేమిటండీ! నీళ్లున్న రోజున ఇది ఎవరికైనా కనిపిస్తుందా? ఆ పై పొర చూడండి..."

గంటసేపు ఎవరూ కదల్లేదు. ఇరవై ఆరుగురు కాస్తా రెండు వందలయ్యారు. వాళ్ల అసలు గైడు వచ్చి ఎర్ర గొడుగు ఎంత ఊపినా ఒక్కరూ తిరిగి చూడలేదు. పదకొండేళ్లుగా అక్కడే ఉద్యోగం చేస్తున్న అధికారి, టోపీ తీసి ముందు వరసలో నిలబడ్డాడు. ఆడపడుచు జనాన్ని తోసుకుంటూ వచ్చి వదినను కౌగిలించుకుంది, ఆ వెంటనే భుజం మీద ఒక్కటి చరిచింది. "నువ్వు పోయావని ఏడ్చి ఏడ్చి చచ్చాను!"

"ఏడుపు తర్వాత. ముందు ఆ గుహ చూడు."

మర్నాటి కార్యక్రమంలో అగ్నిపర్వతం ఉంది. అధికారి ఆ సాయంత్రమే అక్కడి ఆఫీసుకు ఫోన్ చేసి, జాగ్రత్తగా ఉండమని చెప్పాడు.